పీత గుమ్మానికి ఇద్దరు కాపలాదార్లు

తెల్లారింది. సన్నగా తుంపర పడుతోంది. అనగనగా ఒక మడ అడవిలో, ఏరు సముద్రంలో కలిసే సందు పక్కన, బురదగట్టు మీద నూకాలు అనే పీత కాపురం ఉండేది. ఆమె కన్నానికి రెండు గుమ్మాలు. ఒకటి ఏటి వైపు, ఒకటి సముద్రం వైపు.

చేపలన్నీ ఆ సందులోంచే రావాలి, పోవాలి. అందుకని ఏటి మొసలికీ, సముద్రపు సొరచేపకీ ఆ గట్టు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ముందు మొసలి వచ్చింది.

"చెల్లెమ్మా, పాపం, వానలో తడుస్తున్నావు," అని ఏట్లో కొట్టుకొచ్చిన గొడుగు ఇచ్చింది.

"పీతని కదా అన్నయ్యా, తడవకపోతే చస్తాను," అంది నూకాలు. అయినా తీసుకుంది.

సొరచేప ఊరుకుంటుందా? "గొడుగేం మర్యాద వదినా?" అని సీలింగు ఫ్యాను తెచ్చింది.

"కరెంటు లేదు కదా మరిదిగారూ?"

"ముందు ఫ్యాను ఉంచుకో. కరెంటు సంగతి తర్వాత చూద్దాం."

మూడోసారి ఇద్దరూ ఒక్కసారే వచ్చారు.

"ఆ సొరగాడు మంచివాడు కాదు. నీ గుమ్మానికి నేను కాపలా ఉంటాను," అంది మొసలి.

"ఆ మొసలిగాడు అసలే మంచివాడు కాదు. రెండో గుమ్మం నాది," అంది సొరచేప.

నూకాలు ఆలోచించింది. ఒకరిని వద్దంటే ఒకరికి కోపం. ఇద్దరూ ఉంటే తన ముగ్గురు పిల్లలకి భయం ఉండదు.

"సరే, ఇద్దరూ ఉండండి," అంది.

మొసలి ఏటి గుమ్మం మీద తోక పరిచింది. సొరచేప సముద్రం గుమ్మంలో ముక్కు దూర్చింది. ఇల్లంతా చీకటైపోయింది.

పిల్లలు ముగ్గురూ మేతకి బయటికెళ్లి ఉన్నారు.

"అమ్మా! గద్ద!" అని కేక వినబడింది.

"అన్నయ్యా, తోక తియ్యి! పిల్లలు బయటున్నారు!"

"తీస్తే వాడు ముందుకొస్తాడు. ముందు వాణ్ణి ముక్కు తియ్యమను."

"మరిదిగారూ, ముక్కు!"

"ముందు తోక, తర్వాత ముక్కు. పద్ధతి పద్ధతే వదినా."

ఏ తోక ఎంత కదిలితే ఏ ముక్కు ఎంత కదలాలో తేల్చమని ఇద్దరూ ఒక జెల్లీచేపను మధ్యవర్తిగా పిలిచారు. అది రెండు వైపులా చూసి, "ఇద్దరిదీ న్యాయమే," అని వణుకుతూ కూర్చుంది.

నూకాలు ఇక ఎవరినీ అడగలేదు. మడచెట్టు వేళ్ల కిందికి, తోకా ముక్కూ దూరని చోటికి తవ్వడం మొదలుపెట్టింది. డెక్క అరిగింది, తవ్వింది. ఊపిరాడలేదు, తవ్వింది. వెలుతురు కనబడగానే తల బయటపెట్టి, "ఇటు! ఇటు రండి!" అని అరిచింది.

పిల్లలు అడ్డంగా పరుగెత్తారు. గద్ద నీడ వాళ్ల మీదే ఉంది.

పైన ఖాళీ గుమ్మాలకి కాపలా సాగుతూనే ఉంది. వేళ్ల కింద నూకాలు ఒక్కొక్కరినీ తడిమి చూసింది. ఎల్లాజీ వచ్చాడు. కొండమ్మ వచ్చింది. బుడ్డోడు... వచ్చాడు. ఒక కాలు లేదు.

"అమ్మా, నా కాలు గద్ద పట్టుకుపోయింది."

"కాలు మళ్లీ మొలుస్తుందిరా. నువ్వు మొలవవు," అని దగ్గరికి లాక్కుంది.

మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఎల్లాజీ. కొండమ్మ. బుడ్డోడు.

నీతి: నీ గుమ్మంలో కూర్చుని కాపలా కాస్తానన్నవాడు, ముందుగా అడ్డమయ్యేది నీ పిల్లలకే.