నడుము వరకే కనిపించే ఎత్తులపేట గుంటమ్మ

చినరేవుపట్నం స్టేషనులో దిగి, ఎత్తులపేట గుంటమ్మ గుడికి పోవాలంటే ఆటో అతను ముందు ఆకాశం వంక చూస్తాడు. మబ్బు లేకపోతే ఎక్కమంటాడు. మబ్బుంటే కాస్త ఆలోచిస్తాడు. మబ్బు బాగా నల్లగా ఉంటే మాత్రం మీ వంక జాలిగా చూసి, పెద్దబజారు చివర దింపుతాను, అక్కణ్ణుంచి నడవండి అంటాడు. అతన్ని తప్పుపట్టవద్దు. పేరుకు ఎత్తులపేటే గానీ పట్నం మొత్తంలో అంతకన్నా పల్లమైన వీధి లేదు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిశాక నవ్వాలో ఏడవాలో భక్తులే తేల్చుకోవచ్చు.

చినరేవుపట్నం బల్లపరుపు ఊరు. సైకిలు తొక్కేవాడికి ఎక్కడా ఎక్కుడు తగలదు, వాన నీటికి ఎక్కడా దిగుడు దొరకదు. కురిసిన నీరు కురిసినచోటే నిలబడి, ఎటు పోవాలో తోచక, తలుపు తీసి ఉన్న ఇల్లు ఎవరిదా అని వెతుక్కుంటుంది. వీధికి రెండు పక్కలా కాలువలు కట్టించారు. వాటికీ వాలు లేదు గనుక నీళ్ళు వాటిలో పారవు, పడుకుంటాయి.

గుడికి గోపురం లేదు. రోడ్డు మీద నుంచి మెట్లు కిందికి దిగుతాయి. వానాకాలంలో వచ్చే భక్తులు చెప్పులు పైనే వదిలి దిగడం మంచిది. కింద వదిలినవి తేలిపోయి, మీరు దర్శనం చేసుకొనే లోపు అవి ప్రదక్షిణం పూర్తి చేస్తాయి. గర్భగుడి నేల మధ్య ఒక గుంట ఉంది. గుంటలో అమ్మవారు నడుము వరకే కనిపిస్తుంది. కుడిచేతిలో నాడె, అంటే మగ్గం మీద దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే చెక్క, ఉంటుంది. పాదాలేవని అడగని భక్తుడు లేడు. పాదాలు గుంటలో ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయో చెప్పేదే ఈ స్థల పురాణం.

పూర్వం ఇక్కడ నేతగాళ్ళ వీధి ఉండేది. ఇంటింటా గుంట మగ్గమే. నేసేవారు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, దాని అంచున కూర్చుని నేస్తారు. తొక్కుడు చెక్కలు గుంట అడుగున ఉంటాయి. గుంట పొడిగా ఉన్నన్నాళ్ళు పొయ్యి వెలుగుతుంది. గుంటలోకి నీళ్ళు దిగితే నేత ఆగుతుంది, దాని వెనకే తిండి.

ఆ వీధిలో భద్రయ్య అనే నేతగాడు ఉండేవాడు. ఎదురిల్లు అతని అక్క నాంచారమ్మది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో, ఆయన కాళ్ళు పెట్టిన గుంటలోనే తనూ కాళ్ళు పెట్టి నేసుకుంటూ బతికేది. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడమనిషిని శుభకార్యాలకు పిలిచేవారు కారు. నాంచారమ్మను ఎవరూ దేనికీ పిలవలేదు. ఆవిడే అందరినీ పిలిచి పలకరించేది.

ఒక ఏడు వానలకు భద్రయ్య గుంటలోకి నీళ్ళు దిగి, మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు దారమంతా బూజు పట్టింది. వానలు వెళ్ళగానే అతను బండ్ల మీద మట్టి తోలించి ఇంటి నేల మూరెడు ఎత్తు చేశాడు. ఆ ఎత్తులోనే కొత్త గుంట తవ్వుకున్నాడు. మరుసటి ఏడు అతని ఇంటికి రావలసిన నీళ్ళు గోడ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేరుగా ఎదురింట్లోకి వెళ్ళాయి.

నాంచారమ్మ గుమ్మంలో నిలబడి కేకేసింది. "ఒరేయ్ భద్రా, మీ ఇంటికి రావలసిన చుట్టం దారి తప్పి మా ఇంటికొచ్చాడు. అన్నం పెట్టి పంపించమంటావా, నాలుగు రోజులు ఉండమననా?"

భద్రయ్య నవ్వాడు. అతని భార్య వరాలు కూడా నవ్వింది. "ఉండమను వదినా, మాకు తొందరేం లేదు."

పక్కింటి గంగన్నకు మాత్రం నవ్వు రాలేదు. భద్రయ్య ఎత్తు చేసుకుంటే ఆ నీళ్ళలో సగం తనకూ వచ్చాయి. దసరా వెళ్ళగానే అతను తన నేల భద్రయ్య కన్నా జానెడు ఎక్కువ ఎత్తు చేశాడు. ఆ పైఏడు భద్రయ్య మళ్ళీ మట్టి తోలించాడు. వాళ్ళను చూసి వీధంతా మొదలుపెట్టింది. ఏటేటా నేలలు పెరిగాయి, కప్పులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. గుమ్మాలు పొట్టివయ్యాయి. పెళ్ళికొడుకులు తలపాగా చేత్తో పట్టుకుని, వంగి దండం పెడుతున్నట్టు ఇళ్ళలోకి వచ్చేవారు. అల్లుడికి వినయం ఎక్కువని అత్తగార్లు మురిసిపోయేవారు. దారిన పోయేవాళ్ళు ఆ వీధికి ఎత్తులపేట అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

ఎత్తు చేయనిది నాంచారమ్మ ఒక్కతే. "నీకూ రెండు బండ్ల మట్టి తోలించనా అక్కా" అని భద్రయ్య ఒకసారి అడిగాడు.

"తోలిస్తే నా నీళ్ళు ఎవరింటికి పంపనురా? నువ్వు నాకు పంపావు, గంగన్న నాకు పంపాడు. నాకవతల ఇల్లు లేదే."

ఆ మాట తమాషాకే అన్నదనుకున్నాడు.

వాన పట్టిన ప్రతిసారీ ఎదురింటి నుంచి ఆవిడ పిలుపు వినపడేది. "తమ్ముడూ, నీళ్ళొచ్చాయా?"

"రాలేదక్కా."

"అయితే మంచిది."

అంతటితో మాట ముగిసేది. మీ ఇంట్లోకి వచ్చాయా అని భద్రయ్య తిరిగి అడగలేదు. అతని అరుగు మీద నుంచి చూస్తే అక్క గడప నీళ్ళలో మునిగి ఉండటం కనపడుతూనే ఉండేది. అడిగితే దిగి వెళ్ళాలి. వెళితే తోడాలి. తోడిన నీళ్ళు ఎక్కడ పోయాలన్న సంగతి మాట్లాడాలి. అడగకుండా ఉండటం తేలిక.

నాంచారమ్మ మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నేసేది. "చేపపిల్లలు వచ్చి వేళ్ళ దగ్గర కూర్చుంటున్నాయి వరాలూ, నేత నేర్చుకుంటాయి కాబోలు" అని నవ్వేది. తర్వాత వేళ్ళ సందులు చీలాయి. పాదాలు పొంగి, తొక్కుడు చెక్క తగిలితే ప్రాణం పోయినట్టుండేది. ఆశ్వయుజం ముసురుకు జ్వరం తగిలింది.

భద్రయ్య అప్పుడు మాత్రం నీళ్ళలోకి దిగి వెళ్ళాడు. "మా ఇంటికి రా అక్కా."

ఆవిడ మంచం మీద నుంచి తమ్ముడి ఇంటి వంక చూసింది. "మీ ఇల్లు ఎక్కాలంటే నిచ్చెన కావాలి కదరా. ఈ కాళ్ళతో అంత ఎత్తు ఎక్కలేను."

ఎత్తుకుంటానన్నాడు. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకున్నందుకే ఇంకా నడుం నొప్పిగా ఉంది, నువ్వు నన్నెత్తితే నీకొస్తుంది, వద్దులే అన్నది. కార్తీకంలో నీళ్ళు తీసే సమయానికి ఆవిడ పోయింది.

భద్రయ్యకు ఏం చేయాలో తోచలేదు. చివరికి, ఇక అక్క చోటులోకి నీళ్ళు రాకూడదనుకున్నాడు. బండ్ల మీద మట్టి తోలించి ఆవిడ మగ్గం గుంటను పూడ్చాడు. ఇంటి నేలంతా తన నేలకు సమంగా ఎత్తు చేశాడు. తోబుట్టువంటే ఇలా ఉండాలని వీధి మెచ్చుకుంది.

మరుసటి ఏడు వానలు వచ్చాయి. నీళ్ళు అలవాటు ప్రకారం నాంచారమ్మ ఇంటికి వెళ్ళాయి. గడప అందలేదు. తిరిగి వీధిలోకి వచ్చి నిలబడ్డాయి, పెరిగాయి, పోటీపడి ఎత్తు చేసిన గుమ్మాలన్నిటినీ ఒక్క పూటలో దాటాయి. వీధిలో పొడిగా ఉన్న గుంట ఒక్కటి మిగలలేదు. ఇన్నేళ్ళూ ఆ వీధి వానంతా ఎక్కడికి పోతోందో ఎవరూ అడగలేదు. ఆవిడ గుంట అడుగున బంకమట్టి తెగి ఇసుక పొర తగిలింది. వచ్చిన నీళ్ళన్నీ ఆవిడ పాదాల కిందుగా నేలలోకి ఇంకేవి. ఈ సంగతి నాంచారమ్మకూ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా చలి.

వానలు పోయాక మరో కీడు బయటపడింది. ఆవిడ ఇంటి వెనక బావి నీళ్ళే వీధంతా తాగేది. సముద్రం దగ్గరున్న ఊళ్ళో ఆ ఒక్క బావే ఎందుకు తియ్యగా ఉందో ఎవరికీ అనుమానం రాలేదు. గుంటలో వాననీరు ఇంకడం ఆగాక, ఆ తర్వాతి వేసవికి బావి ఉప్పుదేలింది. వానాకాలం మునక, ఎండాకాలం దాహం. కొన్ని కుటుంబాలు మగ్గాలు విప్పి బండ్లకెత్తుకుని వెళ్ళిపోయాయి.

ఆ తర్వాతి వానలకు వరాలు పాదాలు పొంగాయి. అటక మీద కూర్చుని కాళ్ళు చూసుకుంటూ ఆమె అన్నది, "వదినకూ ఇలాగే మొదలైంది కదూ." భద్రయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఆ కూర్చున్నచోటే కునుకులోకి జారాడు.

ఇతర క్షేత్రాలలో అమ్మవారు బ్రాహ్మీ ముహూర్తంలో కలలో సాక్షాత్కరిస్తుంది. గుంటమ్మ మిట్టమధ్యాహ్నం వచ్చింది. మంచాలన్నీ నీళ్ళలో ఉన్న వీధిలో ఎవరికి ఎప్పుడు కునుకు పడుతుందో దేవతలకైనా చెప్పడం కష్టం. నాంచారమ్మ వీధి మధ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది. కోపంగా లేదు. "ఒరేయ్ భద్రా, కూర్చుందామంటే నా గుంట కనపడటం లేదురా. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. కాస్త చోటు చెయ్యి" అన్నది.

భద్రయ్య లేచి, పార, తట్ట తీసుకుని నీళ్ళలోకి దిగి, అక్క ఇంట్లో తను పూడ్చిన గుంటను తవ్వసాగాడు.

గంగన్న తన అటక మీద నుంచే చూశాడు. "ఏం బావా, ఊరంతా మట్టి తెచ్చి పోసుకుంటుంటే నువ్వు తవ్వి పారేస్తున్నావు. నిద్రమత్తు వదల్లేదా? ఆ మట్టి మా గుమ్మం ముందు పోసేవు."

"నీ గుమ్మానికి ఇంకా ఎత్తు కావాలని నువ్వేగా అన్నావు."

పార నీళ్ళలో ఆనలేదు. చేతులతో తోడాడు. తీసిన మట్టిలో సగం మళ్ళీ గుంటలోకే జారింది. వరాలు ఆ వాచిన కాళ్ళతోనే దిగి వచ్చి తట్ట అందుకుంది. వద్దన్నాడు. "వదిన ఒక్కతే నీళ్ళలో ఉన్నప్పుడు నేను దిగలేదు" అన్నది ఆమె. అది చూసి గంగన్న దిగాడు. తనూ ఒక తట్ట పట్టాడు.

పొద్దు వాలేవేళకు భద్రయ్య వేళ్ళకు ఇసుక తగిలింది. నీళ్ళు కదల్లేదు. అతను గుండె లోతు నీటిలో నిలబడి, ఎవరూ లేని ఆ ఇంట్లో, ఎదురింటి నుంచి పిలిచినట్టు గట్టిగా పిలిచాడు.

"అక్కా, నీళ్ళొచ్చాయా?"

జవాబు రాలేదు. చాలాసేపటికి అతని పాదాల దగ్గర నీరు సన్నగా సుడి తిరిగింది. మగ్గం మీద తొక్కుడు చెక్క పడి లేచినట్టు ఒక చప్పుడు వినిపించింది, మళ్ళీ ఇంకొకటి. వీధిలోని నీరంతా అటు నడవడం మొదలుపెట్టింది. నీరు తీసిన తర్వాత చూస్తే గుంటలో నడుము దాకా రాతి రూపం, చేతిలో నాడె. ఎవరు చెక్కారని అడిగిన భక్తులకు అర్చకులు స్వయంభువు అని చెబుతారు. మళ్ళీ అడిగితే కోప్పడతారు. బావి మళ్ళీ తియ్యనైంది గానీ, వరాలు కాళ్ళ వాపు పూర్తిగా తగ్గలేదు. ఆమె బతికినన్నాళ్ళూ కుంటుతూనే ఆ గుంట దగ్గర దీపం పెట్టింది.

అప్పటి నుంచి ఈ క్షేత్రంలో మొక్కు తీరు వేరు. ఇక్కడ అమ్మవారికి ఏమీ తెచ్చి ఇవ్వకూడదు, తీసుకుపోవాలి. మృగశిర కార్తెకు ముందు ప్రతి భక్తుడూ గుంటలో పేరుకున్న ఒండ్రు ఒక తట్టెడు ఎత్తి, ప్రసాదంగా ఇంటికి పట్టుకెళ్ళి మొక్కలకు వేసుకుంటాడు. కొబ్బరికాయ సంచులతో వచ్చి ఆ మట్టిని చూసి మొహం చిట్లించేవారు ఏటా కొందరుంటారు. అమ్మవారు వాళ్ళ మీద కోపగించుకోదు, వాళ్ళ బట్టల మీద నాలుగు చుక్కలు చిందిస్తుంది. తొలివానను వీధికి వదిలేస్తారు. అది కప్పుల మీద దుమ్ము కడుక్కుపోతుంది. రెండో వాన నుంచి ప్రతి ఇంటి చూరు నీరూ గొట్టాల గుండా గుంటకు చేరుతుంది. పేటలో ఇల్లు కట్టేవారు ఎంత మట్టి తోలిస్తారో అంత గొయ్యి తమ పెరట్లో తవ్వాలి. తవ్వనివాళ్ళ గృహప్రవేశానికి ఎవరూ వెళ్ళరు.

పేట అవతలి పట్నం సంగతి వేరు. చెరువు పూడ్చిన చోట కాలనీలు వచ్చాయి. గుడికి పూర్వం ఒకటే మెట్టు ఉండేదని ముసలివాళ్ళు చెబుతారు. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా పైన ఒక మెట్టు కలుస్తోంది. గుడి ఉన్నచోటే ఉంది, ఊరే ఎక్కుతోంది.

వాన గట్టిగా పట్టిన రోజున భద్రయ్య వంశంవారిలో ఒకరు మెట్ల మీద నిలబడి, "అక్కా, నీళ్ళొచ్చాయా?" అని పిలుస్తారు. వెనక భక్తులందరూ పిలుస్తారు. ఒకప్పుడు ఎవరూ పిలవని ఆమెను ఇప్పుడు పేటంతా పిలుస్తుంది. పిలిచాక జవాబు కోసం ఆగాలి. జవాబు రాదు. నీరు అమ్మవారి మెడ దాకా వస్తుంది, ఒక్కోసారి గడ్డం దాకా. లోపల ఆ తొక్కుడు చెక్క చప్పుడు వినిపించే దాకా ఎవరూ కదలరు. పూర్వం అది పిలిచిన వెంటనే వినిపించేదట. ఈ మధ్య ఆలస్యమవుతోంది.

గుంటమ్మను దర్శించినవారి ఇంట బావి ఎండదు, కాళ్ళ జబ్బులు రావు. అయితే దర్శన ఫలం గుడిలో దక్కదు. ఇంటికి తిరిగి వెళ్ళి, వాన పడినప్పుడు తమకన్నా దిగువనున్న ఇంటి గుమ్మం ముందు నిలబడి, నీళ్ళొచ్చాయా అని అడిగినవారికే దక్కుతుంది. దిగువ ఇల్లు ఎవరిదో తెలియని భక్తులు ముందు అది కనుక్కుని, ఆ తరువాతనే దర్శనానికి రావలసిందిగా ప్రార్థన.