పొగకి గీసిన గీత

చింతలరేవులో పేకాట క్లబ్బు సెక్రటరీ కామేశం ఎవరికీ కాదని చెప్పలేని మెత్తని మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. మంచివాడే, కాదనను. కానీ అతని మంచితనమంతా గొంతు పెంచి మాట్లాడేవాళ్ళకే అందుతుండేది.

ఆ ఊరికి క్లబ్బే అన్నం పెట్టేది. చుట్టుపక్కల రొయ్యల షావుకార్లు కార్లలో వచ్చి ఆడేవారు. వాళ్ళని నమ్ముకుని గేటు బయట టిఫిన్ బళ్ళు, ఆటోలు, ఒక లాడ్జీ బతుకుతుండేవి. లోపల ఏసీ హాలు. తలుపులన్నీ మూసుకుని, సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవారు. ఆ పొగలో పొద్దస్తమానం తిరిగి టీలు అందించేది నూకాలు.

ఒకరోజు నూకాలు ట్రే బల్లమీద పెట్టి, దగ్గు ఆపుకుంటూ అంది.

"బాబుగారూ, నా ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని డాక్టరుగారు చెప్పారండి. సిగరెట్టు ముట్టనిదాన్ని, నాకిదేం ఖర్మండీ? కాల్చుకునేవాళ్ళని వరండాలోకి పంపండి. పని మానేద్దామంటే నాకింకో దారి లేదు."

కామేశం మనసు కరిగింది. ఆ సాయంత్రమే సభ్యుల ముందు మాట ఎత్తాడు. షావుకారు వీరభద్రం ఇంతెత్తున లేచాడు.

"చేతిలో ముక్కలు పెట్టుకుని వరండాలోకి పోవాలా? పక్కూరి క్లబ్బుకి పోతాం. అప్పుడు గేటు బయట వాళ్ళందరికీ నువ్వు పెట్టు అన్నం!"

కామేశం నీరుగారిపోయాడు. నిజంగా పోతారో లేదో ఒక్కరోజు చూద్దామన్న ధైర్యం కూడా చేయలేదు. మర్నాడు హాలు మధ్యలో పచ్చరంగుతో ఒక గీత గీయించాడు. గీతకి అటు కాల్చేవాళ్ళు, ఇటు కాల్చనివాళ్ళు. "ఇద్దరికీ న్యాయం చేశాను" అని మురిసిపోయాడు.

ఏం న్యాయమండీ! ఒకటే గది, ఒకటే గాలి. గీత ఉందని పొగ ఆగుతుందా? పైగా పేకాటరాయుళ్ళకి ఒక నమ్మకం, కుర్చీ మారితే ముక్క మారుతుందని. ఓడినవాడల్లా కాలుతున్న సిగరెట్టుతోనే గీత దాటి వచ్చి కూర్చునేవాడు. వారం తిరక్కుండానే గీతకి రెండు వైపులా యాష్‌ట్రేలు చేరాయి. కామేశం చూసి కూడా తల తిప్పుకుని పోయాడు.

"కాస్త సర్దుకో నూకాలూ. ఊరు బతకాలి కదా" అన్నాడు.

మరి నూకాలు ఆ ఊరి మనిషి కాదా? ఆ సంగతి అతనికి తట్టనే లేదు. నూకాలు సర్దుకుంది. సర్దుకోక ఏం చేస్తుంది పాపం! ట్రేతో నడుస్తూ నడుస్తూ గోడకి చేరబడి, ఊపిరి అందాక మళ్ళీ కదిలేది. వానాకాలంలో మంచం పట్టింది. దీపావళి చూడకుండానే పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె కూతురు పైడమ్మ క్లబ్బుకి వచ్చింది.

"అమ్మ పని నాకిప్పించండి బాబుగారూ. ఇల్లు గడవాలి" అని తల్లి మోసిన ట్రేనే చేతిలోకి తీసుకుంది.

కామేశానికి ఆ ట్రే వెనక నూకాలే కనిపించింది. యాష్‌ట్రేలన్నీ తనే ఏరి వరండాలో పెట్టాడు. "కాల్చేవాళ్ళు బయటికి! ఇష్టం లేకపోతే పక్కూరికే పొండి!" అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అరిచాడు.

వీరభద్రం తిట్టాడు, విసురుగా కారెక్కి వెళ్ళాడు. మర్నాడు మామూలు వేళకే వచ్చాడు. వరండాలో సిగరెట్టు కాల్చి, లోపలికొచ్చి ముక్కలు అందుకున్నాడు. మిగతావాళ్ళూ అంతే. ఒక్క ఆటోకీ బేరం తగ్గలేదు, ఒక్క టిఫిన్ బండీ మూతపడలేదు.

కామేశం వరండా మెట్లమీద కూలబడ్డాడు. "ఇంతేనా? ఇంతమాత్రానికా నూకాల్ని చంపుకున్నాను?" అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. పైడమ్మ అతని పక్కన టీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నష్టం వస్తుందేమోనన్న భయంతో న్యాయాన్ని వాయిదా వేస్తే, ఆ వాయిదాకి నోరులేనివాళ్ళ ప్రాణాలు పోతాయి; తర్వాత మనకెంత ధైర్యం వచ్చినా వాళ్ళు తిరిగి రారు.