జానెడు పైకి పోయిన తూటా

జమాల్ సాహెబ్‌ను ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. నల్లమల అంచు పల్లెల్లో తుపాకి పట్టినవాళ్ళంతా ఆయన్ను ఉస్తాద్ అని గౌరవించేవారు, ఈ అలవాటుకు మాత్రం లోలోపల విసుక్కునేవారు. శిష్యుడు ఓబులేశు మరీనూ.

ఆ ఏడు ఒక చిరుత పల్లెలో ఇద్దర్ని పొట్టన పెట్టుకుంది. దాన్ని కాల్చే పని ఓబులేశు మీద పడింది. మర్నాడే వేట. తప్పెట్లు కొడుతూ పొదల్లోంచి దాన్ని తరిమేవాళ్ళలో అతని అన్న సుంకన్న ముందుంటాడు. గురి తప్పి చిరుత గాయంతో మిగిలిందా, అది పడేది అన్న మీదే.

కొత్త రైఫిల్‌కు బజారు తూటాలతో గురి కుదరక, ఓబులేశు పేలిన తూటాల ఖాళీ డొల్లల్లో తనే తుపాకి మందు నింపి, గుండు బిగించుకున్నాడు. మందును కంసాలి త్రాసులో తూచి మరీ పోశాడు. ఇంత చేసినా, మట్టిదిబ్బకు అంటించిన కాగితం మీద ఐదు కాలిస్తే నాలుగు రూపాయి బిళ్ళంత చోట దిగేవి. ఒకటి మాత్రం జానెడు పైకి పోయేది.

ఆ కాగితం తెచ్చి గురువు ముందు పరిచాడు. "నాలుగు కుదిరినాయి ఉస్తాద్. ఐదోది నా చెయ్యి వణికి పోయింది లెండి. ఇంక తూటా కుదిరినట్టే గదా?"

"రేపు మీ అన్న ముందర నడిచేటప్పుడు ఈ ఐదింట్లో ఏది పేలుస్తావు?" అన్నాడు సాహెబ్. ఆపైన ఎప్పటిలాగే పని తగిలింది. అవే డొల్లలు మళ్ళీ నింపాలి, ఒక్కొక్కటే కాల్చాలి, పైకి పోయినదాని డొల్ల మీద మేకుతో గీత పెట్టాలి. అదయ్యాక ఇంకోసారి నింపించి, ఐదింటినీ తన టోపీలో వేసి కలిపి, గీత చూడకుండా చేతికొచ్చింది చేతికొచ్చినట్టు కాల్చమన్నాడు. గీత ఉన్నదే మళ్ళీ జానెడు పైకి పోయింది.

"చెయ్యి వణికితే ఒగసారి అట్ల, ఒగసారి ఇట్ల పోవాల. ఇది ఎప్పుడూ ఒగే తావుకు పోతాంది," అని సాహెబ్ ఆ డొల్లను శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

ఓబులేశు దాని మూతి వైపు చూసి తల దించుకున్నాడు. మిగతా నాలుగింటికంటే దాని అంచు మందం. లోపల చోటు తక్కువ, అందుకే అదే మందు గుండును ఎక్కువగా తోస్తోంది. నాలుగే డొల్లలుంటే, చనిపోయిన తండ్రి పెట్టెలోంచి అదే కొలత ఉన్న ఈ ఐదోదాన్ని తనే తీసి కలిపాడు. నాయన చేతి తూటా రైఫిల్లో ఉంటే నాయన పక్కన నిలబడ్డట్టే ఉంటుందనుకున్నాడు పాపం.

మర్నాడు నాలుగు తూటాలతోనే వెళ్ళాడు. నాయన డొల్లను ఖాళీగానే చొక్కా జేబులో వేసుకున్నాడు. చిరుత పొద దాటి బయటికి దూకగానే ఒక్క దెబ్బకు పడిపోయింది. సుంకన్న పల్లె పొడుగునా తప్పెట కొట్టుకుంటూ ఇంటికి చేరాడు.

సాయంత్రం ఓబులేశు సాహెబ్ ఇంటికి వచ్చాడు. చిరుత సంగతి చెప్పకుండా జేబులోంచి డొల్ల తీసి చూపాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"దీని మీద నాకు ముందే అనుమానం ఉండె ఉస్తాద్. నాయనది గదా, తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు. చెయ్యి వణికిందని చెప్పుకుంటా వచ్చినా."

సాహెబ్ శిష్యుడి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఈ చేతి మీద నేరం మోపడం సులువు నాయనా," అన్నాడు. "ఇది ఎదురు చెప్పదు."