ఓడదొంగ టోపీ

దస్తగిరి ఓడదొంగగా తిరిగిన రోజుల్లో కత్తి దూసింది తక్కువ. తలమీది టోపీ చాలు. మంత్రించిన టోపీ అది. పెట్టుకుని ఏం చెప్పినా ఎదుటివాళ్ళు తలూపాల్సిందే. సరుకు ఇమ్మంటే చాలు, ఓడ నడిపేవాళ్ళు తామే మూటలు మోసుకొచ్చి ఇచ్చి, దారిలో తినమని ఖర్జూరాలు కూడా కట్టిచ్చేవారు.

అలాంటివాడు దొంగతనం మీద రోత పుట్టి, సముద్రపొడ్డున యాకూబ్ బాబా దర్గాకు వచ్చి, శిష్యుడిగా చేర్చుకోమని అడిగాడు. బాబా సరేనన్నారు. మూడేళ్ళపాటు కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు, నమాజు నేర్చుకున్నాడు. అంతా బాగుందనుకుంటుండగా ఒక ఉదయం అతని గుండెల్లో రాయి పడింది. తల కప్పుకోకుండా దర్గాలోకి రాకూడదు కదా, చేర్చుకోమని అడగడానికి అతను వచ్చింది ఆ టోపీతోనే.

బాబా నన్ను ఒప్పుకున్నారా, లేక టోపీ ఒప్పించిందా? ఆ ఆలోచనతో అన్నం సయించలేదు. చివరికి టోపీ పట్టుకెళ్ళి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న బాబా ముందు కూలబడి అంతా చెప్పేశాడు.

"ఇక్కడ కూడా నేను దోచుకునే ఉన్నానేమో బాబా."

బాబా చేటలోంచి చూపు ఎత్తలేదు. "పెట్టుకో. నిన్ను వెళ్ళగొట్టమని చెప్పు."

 ఆ మాట పారితే దస్తగిరికి ఇక నిలవనీడ లేదు. అయినా టోపీ పెట్టుకుని గొంతు పెంచాడు.

"నన్ను ఇక్కణ్ణుంచి వెళ్ళగొట్టండి."

ఆవరణంతా లేచింది. నిన్నటిదాకా కొసరి కొసరి వడ్డించిన హుసేన్‌బీ గరిటెతో వచ్చింది. మిగతా శిష్యులు చేతికందిన కట్టె పట్టుకున్నారు. బాబా మాత్రం ఒక రాయి ఏరి పక్కన పారేశారు.

"టోపీ తియ్యి నాయనా. పొయ్యిమీద కూర మాడుతోంది."

తీయగానే అందరూ చేతుల్లోని కట్టెలకేసి వింతగా చూసుకుని పనుల్లోకి వెళ్ళిపోయారు. దస్తగిరికి ఏ ఓడను పట్టినప్పుడూ దక్కని గెలుపు అది. నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. టోపీ ఎక్కడ పడిందో చూసుకోనైనా లేదు.

"మరి ఆ రోజు నేను అడగగానే సరేనన్నారెందుకు బాబా?"

"నువ్వు అడిగాకనా? నువ్వు బయట చెప్పులు విడుస్తున్నప్పుడే హుసేన్‌బీతో అన్నాను, ఇంకో కంచం పెట్టమని."