బండిబాటలో పడుకున్న కదిరమ్మ

మబ్బులకు ఇంకా ఊళ్ళ పేర్లు తెలియని కాలమట అది. ఎక్కడ కురవాలో తెలియక, కురిసిన చోటే మళ్ళీ మళ్ళీ కురిసేవట. ఆ కాలంలో కదిరమ్మ అని ఒకామె ఉండేది. చీపుర్లు కట్టి అమ్ముకుని బతికేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా తమ్ముడు ఓబులేసు, వాడి పెండ్లాం.

కదిరమ్మకు అనుమానం జాస్తి. నూనె కొంటే వాసన చూసేది. కుండ కొంటే నీళ్ళు పోయించి చూసేది. ఎవరైనా తియ్యగా పలకరిస్తే వాళ్ళ మొహంకేసి చూసేది.

వాళ్ళ ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. జనం బండ్లు కట్టుకుని బయలుదేరారు. పోగా పోగా పోగా, ఒక ఎర్రనేల వచ్చింది. చెంగల్రాయుడనే ఆసామి ఆ నేలంతా హద్దురాళ్ళు పాతి ఇళ్ళస్థలాలు అమ్ముతున్నాడు. నడుమ కొత్తబావి. అంచుదాకా నీళ్ళు.

"చేత్తో ముంచుకోండి" అన్నాడు చెంగల్రాయుడు.

ఆ నీళ్ళు చూసి జనానికి ఏడుపొచ్చింది. ఆడవాళ్ళు మెడలోవి తీసిచ్చారు. మగవాళ్ళు ఎద్దుల పగ్గాలు అప్పజెప్పారు. కదిరమ్మ మాత్రం బావిలోకి వంగి చూసింది.

"సామీ, ఈ నీళ్ళు ఊరినవా, పోసినవా? కప్ప లేదు, పాచి లేదు."

"కొత్తబావి కదమ్మా" అని నవ్వాడు.

ఆమె బావి చుట్టూ తిరిగింది. "సామీ, ఈ నీళ్ళు ఊరినవా, పోసినవా? ఇన్ని బండిజాడలేంది ఇక్కడ?"

"బావి కట్టడానికి రాళ్ళు తోలామమ్మా" అని మళ్ళీ నవ్వాడు.

"సామీ, ఊరినవా, పోసినవా? తోడి చూద్దామా?"

ఈసారి నవ్వలేదు. "కొత్తబావిని అడుగంటా తోడితే అరిష్టం. తోడినోళ్ళ వంశం నిలవదు."

జనం వెనక్కి జరిగారు. ఓబులేసుకు కోపమొచ్చింది. "నా పెండ్లాం నిండు చూలాలక్కా! నీ అనుమానంతో దాన్ని ఇంకెంత దూరం తిప్పుతావు?"

"నాకు వంశం లేదు కదా ఓబులేసూ. నేను తోడతాలే."

తోడింది. ఎవరూ చెయ్యి కలపలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు చితికాయి. పొద్దు వాలేవేళకు చేద ఠంగుమని బండకు తగిలింది. జనం తొంగిచూశారు. అడుగున బురద, బురద కింద రాయి.

"తెల్లారేసరికి ఊరుతుంది" అన్నాడు చెంగల్రాయుడు. "ఊరకపోతే ఎవరివి వాళ్ళు తీసుకుపోండి."

"ఊరనీ సామీ" అంది కదిరమ్మ. బావి దగ్గర కూర్చోలేదు. రెండు బండగుండ్ల సందున బండిబాట సన్నగా ఉంటే, అక్కడికి పోయి అడ్డంగా పడుకుంది.

"నీళ్ళు బావిలో ఊరతాయా, బాటలో ఊరతాయా?" అని నవ్వుకుంటూ అందరూ నిద్రపోయారు.

తెలతెలవారుతుండగా బండ్లొచ్చాయి. ప్రతి బండి మీదా బానలు, బానల మూతికి ఆకులు కట్టి ఉన్నాయి.

"లెయ్యమ్మా" అన్నాడు ముందుబండి తోలేవాడు.

"ఏం తోలుకొస్తున్నావు నాయనా?"

వాడు తల దించుకున్నాడు. వెనకనుంచి చెంగల్రాయుడి గొంతు వినిపించింది. "తోలరా!"

ఎద్దులు అడుగేశాయి. కదిరమ్మ లేవలేదు. "ఓబులేసూ!" అని ఒక్క కేక పెట్టింది. చక్రం ఆమె కాలిమీదికి ఎక్కింది. బండి ఒరిగి, బానలు దొర్లి పగిలాయి.

జనం పరుగెత్తుకొచ్చేసరికి ఎర్రనేలంతా నీళ్ళు. ఆ నీళ్ళలో కదిరమ్మ.

ఓబులేసు ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. "నమ్మలేదే అక్కా, నిన్ను నమ్మలేదే."

"ఏడుపు తరవాత. ముందు పోయి మన ఎద్దుల్ని విప్పుకో."

అంతమంది మీదికి వస్తుంటే చెంగల్రాయుడు పక్కకు తప్పుకున్నాడు. ఎవరివి వాళ్ళు తీసుకుని కదిలారు. కదిరమ్మ కాలు మాత్రం మానలేదు. బండిలో పడుకునే ప్రయాణం చేసింది. దారిలో ఇంకొక నేల చూశారు. అక్కడి బావిని ఈసారి అందరూ కలిసి తోడారు. అందరూ కాచుకున్నారు. బండసందుల్లోంచి నీళ్ళు మెల్లగా చిమ్మాయి.

ఓబులేసు దోసిట్లో తెచ్చాడు. ఆమె ఆ నీళ్ళకేసి, తమ్ముడి మొహంకేసి చూసింది.

"ఎవరూ పోయలేదు కదా?"

"లేదక్కా. బాటలో నేనే కూర్చున్నా."

అప్పుడు తాగింది. కొన్నాళ్ళకు అక్కడే కన్నుమూసింది. ఓబులేసు బిడ్డ అక్కడే పుట్టింది.

ఇప్పుడు బావులు పోయి బోర్లొచ్చాయి. బండ్లు పోయి ట్యాంకర్లొచ్చాయి. అయినా ఆ వైపు జనం ప్లాటు చూడబోతే, ముందుగా తమలో పెద్దామెను ఒకర్ని దారికి అడ్డంగా కూర్చోబెడతారు. మిగతావాళ్ళు పోయి మోటారు వేయించి, నీళ్ళు ఆగేదాకా తోడిస్తారు. మళ్ళీ ఊరేదాకా ఆమె లేవదు. "ఎవరీమె, దారికి అడ్డంగా?" అని అమ్మేవాడు విసుక్కుంటే, అందరూ ఒకటే మాట అంటారు.

"మా కదిరమ్మ."