నంది పాదం తడిస్తే

అచ్యుతయ్యగారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. భుజాన కండువా వేసుకుని బయల్దేరేవారు; అడిగినవాడు వెనకాలే నడవాలి. ఆ సంగతి తెలిసీ శిష్యుడు నరహరికి ఓరోజు అడగక తప్పలేదు.

గోదావరి లంకలో వాళ్ళ ఆశ్రమం. రేవులో ఓ పాత రాతిస్తంభం, దాని మీద చెక్కిన నంది. ఏరు ఎంత పెరిగిందో ఆ స్తంభం చూసి ఊరికి చెప్పడం నరహరి పని. కిందటేడు ఎర్రనీరు కనబడగానే "వరద వచ్చేస్తోంది, లేవండి!" అని ఊరంతా హడావిడి చేశాడు. జనం పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో గట్టెక్కారు. నీళ్ళు రేవు దాటలేదు. ఇక చూడండి, ఆడా మగా కలిసి నరహరిని చెడామడా దులిపేశారు. ఆ దెబ్బతో ఈ ఏడు ఎవరేమడిగినా "రావచ్చు, రాకపోవచ్చు" అని తప్పుకుంటున్నాడు.

కుమ్మరి వీరాయమ్మకు ఒళ్ళు మండింది. దసరా సంతకు అమ్మాల్సిన పచ్చికుండలన్నీ కాల్చడానికి ఆములో పేర్చి ఉన్నాయి. ఆవిడ ఇల్లు గడవడానికి ఆ సంతే దిక్కు. నీళ్ళు తగిలితే మొత్తం మళ్ళీ మట్టే. అలాగని ఊరికే గట్టుకు మోస్తే దారిలో కొన్ని పగలక మానవు.

"రావచ్చు, రాకపోవచ్చు అన్న ముక్క నాకూ తెలుసు కదయ్యా! దానికి నువ్వెందుకు?" అంది.

నరహరి గురువుగారి దగ్గర వాపోయాడు. "స్వామీ, రేపటి ఏరు సంగతి నాకేం తెలుసు? వస్తుందంటే అబద్ధం కావచ్చు. తెలియదంటే ఎవరికీ పనికిరాదు. ఏం చెప్పను?"

గురువుగారు కండువా అందుకున్నారు. ఇద్దరూ నేరుగా వీరాయమ్మ ఆము దగ్గరికి వెళ్ళారు.

"ఇవన్నీ గట్టుకు చేర్చడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగారాయన.

"ఓ పగలంతా పడుతుందయ్యగారూ."

ఆయన నరహరి వైపు తిరిగారు. "నీళ్ళు ఈ ఆము తాకడానికి ఓ రోజు ముందు రేవులో ఎక్కడుంటాయి?"

నరహరి ఏనాడూ అటునుంచి ఆలోచించలేదు. "నంది పాదం తడిస్తే మర్నాటికి ఇక్కడికి వచ్చేస్తాయి స్వామీ. ఎక్కువసార్లు అంతే. అప్పుడప్పుడు మధ్యలోనే ఆగి వెనక్కి తీశాయి కూడా."

"ఈ మాట ఈవిడకెందుకు చెప్పలేదు?"



ఆ వారంలోనే ఓరోజు తెల్లవారేసరికి నంది పాదం తడిసింది. నరహరి పరుగున వెళ్ళి చెప్పాడు. "అమ్మా, మామూలుగా అయితే రేపటికి వచ్చేస్తుంది. రాకుండా ఆగినా ఆగొచ్చు. మొయ్యాలంటే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి."

వీరాయమ్మ ఏటివైపోసారి, కుండలవైపోసారి చూసి కొంగు బిగించింది.

మర్నాడు నీళ్ళు ఆముకు జానెడు దూరం దాకా వచ్చి వెనక్కి తీశాయి. నరహరి తిట్లకు సిద్ధపడే వెళ్ళాడు. వీరాయమ్మ గట్టు మీంచి కుండలు తిరిగి దింపుకుంటోంది.

"ఆ మొహమేంటయ్యా అలా పెట్టావు! ఆగినా ఆగొచ్చని నువ్వే చెప్పావుగా. మూడో నాలుగో పగిలాయి, పోతే పోయాయి. రాత్రి హాయిగా నిద్రపోయాను. మళ్ళీ నంది పాదం తడిస్తే వచ్చి చెప్పు," అని నవ్వింది.

నరహరికి ప్రాణం లేచొచ్చింది. అయినా ఎక్కడో చిన్న బెంగ. "నా అంచనా తప్పింది కదా స్వామీ?" అన్నాడు గురువుగారితో.

"మళ్ళీ వచ్చి చెప్పమందా?"

"చెప్పమంది."

"అయితే ఇప్పుడు ఆగిపోయిన సంగతి కూడా గుర్తుంచుకో." అచ్యుతయ్యగారు భుజాన ఉన్న కండువా తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. "ఇది చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకో. ఆవిడ కుండలు సగం ఇంకా గట్టుమీదే ఉన్నాయి."