పదో ఫౌల్

గోల్‌కీపర్‌ని మారిస్తేనే ఆదివారం మ్యాచ్ ఆడతానని చెప్పెయ్యడానికి నూకరత్నం పొద్దున్నే స్కేటింగ్ రింకుకి వచ్చేసింది. దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చింది.

కోచ్ సత్తార్ మాస్టారు అప్పటికే చీపురు పట్టుకుని ఉన్నారు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న రింకు అది. రాత్రి గాలి తెచ్చిపోసిన ఇసుకని ఊడ్చకపోతే స్కేట్ల చక్రాలు జారి ఎంత మొనగాడైనా బొక్కబోర్లా పడాల్సిందే. డెబ్బై ఏళ్ళొచ్చినా మాస్టారు ఆ పని ఇంకొకరికి ఇవ్వరు.

"జెస్సీ వద్దు మాస్టారూ," అంది రత్నం. "నిన్న చేతిలో ఉన్న మ్యాచ్ పోగొట్టేసింది."

చేతిలో ఉన్న మ్యాచేమీ కాదది. అప్పటికి మూడు మూడు గోల్స్‌తో సమంగా నడుస్తోంది. వీళ్ళ మూడూ రత్నం కొట్టినవే, ఆ మాట ఒప్పుకోవాలి. కర్రకి బంతి తగిలిందంటే రత్నాన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. కాకపోతే బంతి చెయ్యి జారితే ఊరుకోవడం ఆ పిల్లకి చేతకాదు. కర్ర వంపుతో అవతలి పిల్ల కాలు లాగేస్తుంది. మోచెయ్యి అడ్డం పెడుతుంది. రోలర్ హాకీలో ఇవన్నీ ఫౌళ్ళే. ఎవరు చేసినా జట్టు మొత్తం నెత్తిన పడతాయి. పది నిండాయంటే అవతలి జట్టులో ఒకరు బంతి తీసుకుని నేరుగా గోల్‌కీపర్ మీదికి వస్తారు. మిగతావాళ్ళంతా దూరంగా నిలబడి చూడాలి తప్ప అడ్డం వెళ్ళడానికి లేదు.

నిన్న ఆ పదోది రత్నమే చేసింది. అంతకు ముందువాటిలోనూ సగానికి పైగా ఆమెవే.

గోల్ పడింది, మ్యాచ్ పోయింది. "కళ్ళు మూసుకుని కూర్చున్నావేటే?" అని రత్నం అందరి ముందూ జెస్సీ మీద విరుచుకుపడింది. జెస్సీ కిట్టు బ్యాగు బెంచీ మీద పెట్టేసి ఇంటికెళ్ళిపోయింది. ఇంక రానని ఇంటి నుంచి మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది.

ఆదివారం గెలిస్తేనే రాష్ట్ర పోటీలకి వెళ్ళడం. వచ్చే ఏడాదికి రత్నానికి ఈ జట్టులో ఆడే వయసు దాటిపోతుంది. ఆ బెంగతో పిల్లకి నిద్ర కూడా పట్టలేదు పాపం. నిద్ర లేని కళ్ళకి తప్పంతా జెస్సీ దగ్గరే కనిపించింది.

"సరే, మారుద్దాం," అన్నారు మాస్టారు. చీపురు గోడకి ఆనించారు. "ఆ కిట్టు ఇలా పట్రా."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని రత్నం అనుకోలేదు. పరుగున వెళ్ళి బ్యాగు తెచ్చింది. మాస్టారు అందులోంచి ఛాతీకి కట్టుకునే దళసరి కవచం తీసి తనే తొడుక్కోవడం మొదలుపెట్టారు.

"మీరేటి మాస్టారూ!"

"ఇంకెవరున్నారమ్మా? నేనే."

లావుపాటి గ్లవ్స్ వేసుకున్నారు. ఊచల ముసుగున్న హెల్మెట్ పెట్టుకున్నారు. తీరా కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుందామంటే వంగడానికి లేదు. ఛాతీ కవచం అడ్డం. ఒక కాలు ముందుకి చాపారు.

"కట్టమ్మా."

రత్నం నేల మీద మోకాళ్ళేసి కూర్చుంది. ఇన్నాళ్ళుగా ఆడుతున్నా గోల్‌కీపర్ ప్యాడ్ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. లోపలి గుడ్డ చెమటకి తెల్లబడిపోయి ఉంది. ఒక పట్టీ తెగితే ఎవరో నైలాన్ దారంతో కుట్టుకున్నారు. ఆ దారం రత్నానికి తెలుసు. వాళ్ళయ్య వలలు బాగు చేసే దారం. ఎప్పుడో జెస్సీ అడిగితే తనే ఇంట్లోంచి తెచ్చిచ్చింది. ఎందుకని మాత్రం అడగలేదు.

పట్టీలు బిగించాక మాస్టారు వెళ్ళి గోల్ ముందు గొంతుక్కూర్చోబోయారు. మోకాళ్ళు దగ్గరికి వచ్చేసరికి రెండు ప్యాడ్ల బకిళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పెద్దాయన పక్కకి ఒరిగిపోయారు.

"అయ్యో!" అంటూ రత్నం వచ్చి పట్టుకుంది.

"బకిళ్ళు బయటివైపుకి ఉండాలమ్మా."

"నాకేటి తెలుసు మాస్టారూ?"

"జెస్సీకి రోజూ ఎవరు కడతారు?"

రత్నం ఎప్పుడైనా అటు చూస్తే కదా.

ప్యాడ్లు విప్పి మళ్ళీ కట్టింది. మాస్టారు గోల్ ముందు కూర్చుని కర్ర నేలకి ఆనించారు.

"కొట్టు."

బంతి రాయిలా ఉంటుంది. రత్నం దాన్ని కర్రతో తట్టి చూసింది. "మీకు తగులుతాది మాస్టారూ."

"జెస్సీ వేసుకునేవే నేనూ వేసుకున్నాను. కొట్టు."

రత్నం మెల్లిగా దొర్లించింది. మాస్టారు కర్రతో ఆపి తిరిగి తోశారు.

"నిన్న వాళ్ళు ఇలాగే కొట్టారా?"

రత్నానికి రోషం వచ్చింది. కొంచెం వెనక్కి వెళ్ళి ఊపందుకుని వచ్చింది. కర్ర వెనక్కి లాగింది. అప్పుడు ఊచల వెనకాల మాస్టారి కళ్ళు కనిపించాయి. రెప్ప వెయ్యకుండా బంతినే చూస్తున్నాయి. ఆయన కదల్లేదు.

కళ్ళు మూసుకుని కూర్చున్నావేటే అని తను అన్న మాట గుర్తొచ్చింది.

కర్ర దించేసింది. "నా వల్ల కాదు మాస్టారూ." కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు ఒక చెయ్యి చాపారు. "అయితే వచ్చి నన్ను లేపు. లేవడం నా వల్ల కాదు."

ఏడుస్తున్న పిల్లకి నవ్వొచ్చింది. నవ్వుతూనే లేపింది. పట్టీలు ఒక్కొక్కటే విప్పి, అన్నీ బ్యాగులో సర్ది, బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరింది.

జెస్సీ వాళ్ళింట్లో ఏం మాట్లాడుకున్నారో మనకి తెలీదు. జెస్సీ చాలాసేపు తలుపు తియ్యలేదని, రత్నం ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుందని మాత్రం ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారు.

ఆదివారం మ్యాచ్‌కి ముందు రత్నం కనపడకపోతే అందరూ వెతికారు. బెంచీ వెనకాల జెస్సీ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద ఉంది. "మరీ బిగించేశావే," అంటోంది జెస్సీ. "ఉండవే, ఇప్పుడే సదురుతున్నాను కదా," అంటోంది రత్నం.

ఆట ఆఖరికొచ్చేసరికి వీళ్ళు ఒక్క గోల్ ముందున్నారు. ఫౌళ్ళు మాత్రం తొమ్మిదయ్యాయి. ఇంక కొద్ది క్షణాలే ఉన్నాయనగా అవతలి జట్టు పిల్ల ఒకతె రింకు చుట్టూ ఉన్న చెక్కగోడకి బంతి కొట్టి, తిరిగొచ్చిన బంతిని అందుకుని రత్నాన్ని దాటేసింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది ఆ పిల్ల కాలు. రత్నం కర్ర అటు వెళ్ళింది కూడా.

మాస్టారు బెంచీ మీంచి లేచారు.

రత్నం కర్ర వెనక్కి తీసుకుంది. తీసుకుని, ఆ పిల్ల వెనకాలే వేగంగా వచ్చింది కానీ అందుకోలేకపోయింది. జెస్సీ ఒక్కతే ఉంది. బంతి దూసుకొచ్చింది. జెస్సీ రెండు మోకాళ్ళూ టక్కున దగ్గరికి చేర్చింది. ధన్‌మని ప్యాడ్లకి తగిలి బంతి ఎటో వెళ్ళిపోయింది. ఆట అయిపోయిందని సైరన్ మోగింది.

పిల్లలంతా జెస్సీ మీద పడి అరుస్తున్నారు. రత్నం రొప్పుతూ మాస్టారి దగ్గరికి వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"కాలు లాగేస్తావనుకున్నాను," అన్నారు మాస్టారు.

"వెనకాల జెస్సీ ఉంది కదా మాస్టారూ."

మాస్టారు జెస్సీ కాళ్ళ వైపు చూశారు.

"బకిళ్ళు బయటికే పెట్టావు," అన్నారు.